గుర్వమ్మ చెట్టు

గుట్ట మీది చెట్లకు పేర్లు పెట్టే తీరిక గొర్లకాపరులకు ఉండదు. ఆకు ఉన్న చెట్టు, ఆకు లేని చెట్టు, వాళ్ల లెక్కలో రెండే జాతులు. అయినా కల్వకుర్తి నుంచి దేవరకొండ పోయే దారిలో, ఎర్రగుంటపల్లి గుట్ట వాలున, ఒక చెట్టుకు మాత్రం మనిషి పేరుండేది. అది నారేపి చెట్టు. దాని పట్టతో తాళ్లు పేనుకుంటారు, ఆకును గొర్రెలు ప్రాణం పెట్టి తింటాయి. ఊళ్లో దాన్ని గుర్వమ్మ చెట్టు అనేవాళ్లు.

గుర్వమ్మ, గొల్ల చెన్నయ్య భార్య. ఆమె తొలిచూలు ఆడపిల్ల. పేరు పెట్టకముందే జ్వరమొచ్చి పోయింది. అంత పసిబిడ్డలను అక్కడ కాల్చరు, పూడుస్తారు. చెన్నయ్యే గుట్ట వాలున గుంత తీసి పూడ్చి, నక్కలు తవ్వకుండా రాళ్లు పేర్చి, పైన ముళ్లకంప కప్పి వచ్చాడు. మరుసటి వానాకాలం ఆ కంపలోంచి నారేపి మొలక ఒకటి తల ఎత్తింది. ముళ్లు అడ్డం ఉండబట్టి గొర్రెల నోట పడలేదు. ముళ్లు మురిగిపోయే వేళకు అది వాటికి అందనంత ఎదిగింది.

తర్వాత కొడుకు పుట్టాడు, రాజేశ్. గుర్వమ్మ ఆ ఆడపిల్ల గురించి ఎవరి దగ్గరా ఎత్తేది కాదు. మంద వెంట పోతూ పోతూ తన సీసాలోని నీళ్లు కాసిని చెట్టు మొదట్లో ఒలకబోసేది. "ఏమే, గింత పొడుగైనవ్, మీ నాయినను గూడ దాటిపోయినవ్" అని తిట్టినట్టుగా ముద్దు చేసేది. చెన్నయ్య వినీ విననట్టు గొర్రెలను అదిలించేవాడు.

ఎండాకాలం గడ్డి లేనప్పుడు గొర్లకాపరులు దోటితో చెట్ల కొమ్మలు కోసి మందకు వేస్తారు. దోటి అంటే పొడుగాటి గడకర్ర, కొసన కొడవలి. ఎన్ని కొమ్మలు కోసినా నడినెత్తిన ఉండే గుబురును మాత్రం వదిలేస్తారు. దాన్ని కొప్పు అంటారు. కొప్పు ఉంటే చెట్టు మళ్లీ లేస్తుందని వాళ్ల నమ్మకం. ఇక గుర్వమ్మ చెట్టు జోలికైతే ఏ దోటీ పోయేది కాదు. పోవద్దని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినంత బుద్ధిలేనివాళ్లు ఆ ఊళ్లో లేరు, అంతే.

తెలంగాణ వచ్చిన కొత్తలో వరుసగా రెండేళ్లు వానలు మొహం చాటేశాయి. చెరువు నెర్రెలిచ్చింది. గుట్ట మీద మోదుగాకు అరచేతి కంటే చిన్నదైపోయింది, ఆ తర్వాత అదీ రాలేదు. ఎండలు ముదిరేసరికి గొర్రెలు తినే చెట్లలో దోటి పడనిది లేదు, ఒక్క గుర్వమ్మ చెట్టు తప్ప. నారేపి మొండి ఘటం. చుట్టూ అంతా కాలిపోయినట్టు ఉంటే అదొక్కటే పచ్చగా నిలబడింది. బాలస్వామి అనే ఇంకో గొర్లాయన తన మందను అటుగా తోలుకుపోయేటప్పుడు మెడ అవతలికి తిప్పుకునేవాడు, చూస్తే ఆశ పుడుతుందని.

గొర్రెల పొదుగులు ఎండిపోయాయి. పిల్లలు నాలుగడుగులు వేసి మోకాళ్ల మీద కూలబడుతున్నాయి. షాద్‌నగర్ కంపెనీలో పనిచేసే రాజేశ్ ఫోన్ చేసి, "వచ్చినకాడికి అమ్మిపారెయ్యి బాపూ" అన్నాడు. "బొక్కలను ఎవడు కొంటడ్రా" అన్నాడు చెన్నయ్య.

ఒక పొద్దున గుట్ట కింద ఈనిన గొర్రె ఒకటి పడుకుని మళ్లీ లేవలేదు. దాని పిల్ల చచ్చిన తల్లి పొదుగును కుమ్ముతూనే ఉంది. గుర్వమ్మ చెన్నయ్య వైపు చెయ్యి చాపింది.

"దోటి ఇటియ్యి" అంది.

చెన్నయ్యకు అర్థమైంది. "దానికా? నా చెయ్యి రాదు గుర్వా."

"నీ చెయ్యి రాకుంటె నాకియ్యి. సచ్చినదానికి నీడ, బతికినదానికి ఆకలి. ఇదేం న్యాయం?"

ఆయన దోటి కింద పెట్టి అటు తిరిగి కూర్చున్నాడు. ఆమె ఒక్కొక్క కొమ్మే కోసింది. ఆకు వాసనకు బాలస్వామి మంద కూడా ఉరికొచ్చింది. పాపం, ఆయన సిగ్గుపడి, "ఆగు వదినా, నావి మర్లేసుకపోత" అని కర్ర ఎత్తాడు.

"ఉండనియ్యి బాలస్వామీ. అవి గూడ తిననియ్యి."

రెండు మందలకు ఒక్క చెట్టు ఏ మూలకు? కొమ్మలన్నీ అయిపోయాయి. తల్లి లేని పిల్ల అందరి కాళ్ల మధ్య నలిగి, నోటికి ఆకు అందక అరుస్తోంది. గుర్వమ్మ దోటిని మళ్లీ పైకెత్తింది.

"కొప్పు ఇడువు" అన్నాడు చెన్నయ్య, తిరిగి చూడకుండానే.

ఆమె విడువలేదు. దాన్నీ కోసి ఆ పిల్ల ముందు వేసింది.

ఆ ఏడు వానాకాలం చివర వానలు విరుచుకుపడ్డాయి. చెరువు అలుగు పోసింది. మోడుగా మిగిలిన నారేపి మొదలు నుంచి పైదాకా చిగురేసింది. గుర్వమ్మ నీళ్లసీసా పట్టుకుని పరుగున పోయి చూసింది. "మొండిముండ, ఎవల బిడ్డ మరి!" అని నవ్వుతూ ఏడ్చింది. ఆ చలికాలమంతా ఆమె ముఖంలో కళ ఉంది.

మరుసటి ఎండాకాలానికి చెట్టు చచ్చిపోయింది. పట్ట పగిలి, లోపల పురుగు తొలిచిన పొడి మొదట్లో రాలింది. చెరువులో నీళ్లున్నాయి, గుట్ట మీద గడ్డి ఉంది. అన్నీ లేనప్పుడు బతికి, అన్నీ వచ్చాక చావడమేమిటి? గుర్వమ్మకు దుఃఖం కంటే ముందు కోపమొచ్చింది. గుట్ట మీదికి వచ్చిన అడవి శాఖాయన ఆమెకు ఓపికగా చెప్పాడు. కరువులో చెట్టు అప్పటికప్పుడు చావదట. వేర్లు ముందే చచ్చిపోతాయి. దాచుకున్న బలంతో వానకు చిగురేస్తుంది. ఆ బలం అయిపోయాక పోతుంది. గుట్ట మీద సగం చెట్లు అట్లాగే పోతున్నాయని చూపించాడు.

"ఇన్నవా? నువ్వు కోసినందుకు గాదు. దోటి పెట్టనియి గూడ ఎండినయ్" అన్నాడు చెన్నయ్య.

"కొప్పు ఇడిస్తె బతుకుతుండెనేమో."

అడవి శాఖాయన పక్క చెట్టు చూడటానికి నడిచాడు.

ఆ తర్వాతి గాలివానకు చెట్టు కూలింది. మొద్దును ఎవరో ట్రాక్టర్‌కు కట్టి లాక్కుపోయారు. వేళ్లను పొయ్యి కట్టెలకని తవ్వుకున్నారు. రాళ్లు చెల్లాచెదురయ్యాయి. రెండు వానలకు వేళ్లు తవ్విన గుంత కూడా పూడిపోయింది.

ఇంకో ఎండాకాలం ఉపాధి పని గుట్ట మీదికొచ్చింది, మొక్కలకు గుంతలు తీసే పని. గుర్వమ్మ కూడా గడ్డపార పట్టుకుని పోయింది. పనులు చూసే శైలజ పొరుగూరి పిల్ల. గుట్ట వాలంతా సున్నంతో వరుసగా గుర్తులు పెట్టించింది. ఆడవాళ్లు తవ్వుతూ తవ్వుతూ ఆ చెట్టుండిన వైపుకి వచ్చి ఆగారు. వాళ్లలో ఒకామె, బాలనర్సమ్మ, చేతిలో గడ్డపార పక్కన పెట్టేసింది.

"ఏందమ్మా, అందరు ఆగిన్రు?" అంది శైలజ. బాలనర్సమ్మ ఆమె చెవిలో చెప్పింది. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. దగ్గరికొచ్చి గుర్వమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఫికర్ చెయ్యకు పెద్దమ్మా. గా జాగా ఇడిచిపెడుదం. ఏడనో చూపెట్టు, ముగ్గు చెరిపేస్త."

గుర్వమ్మ నాలుగడుగులు ముందుకు వేసింది. ఆగింది. వెనక్కి వచ్చింది. ఒక రాయిని కాలితో కదిపి చూసి, కాదన్నట్టు తలూపింది. పైకి పోయింది, కిందికి దిగింది. వాలంతా ఒకే తీరున ఎర్రగా, బోసిగా ఉంది. చివరికి ఆమె సున్నపు గుర్తుల మధ్య కూలబడి, రెండు చేతులతో నేలను తడిమింది.

"నాకు తెలుస్తలేదు బిడ్డా. గా చెట్టుంటె చెప్తుండె."