భుజం పట్టీ

మనుషుల పేర్లు నాకు గుర్తుండవు, కొలతలు గుర్తుంటాయి. జమ్మలమడుగు పాత బస్టాండు దగ్గర మా నాయన పెట్టిన బట్టలు కుట్టే అంగట్లో ముప్పై ఏళ్లుగా కూర్చుంటున్నాను. ఎవరి కొలత రాసుకున్నా, పక్కనే వాళ్ల గుడ్డ ముక్క ఒకటి గుండుసూదితో గుచ్చి పెట్టుకోవడం ఆయన నేర్పిన పద్ధతి. గుడ్డలు తారుమారు కాకుండా, అంతే.

ఊరికి దగ్గర్లో సున్నపురాయి తవ్వే కంపెనీ ఉంది. ఒక ఎండాకాలం దాని సెక్యూరిటీ ఆఫీసరు జీపు దిగి మా అంగట్లోకి వచ్చాడు. గార్డులందరికీ నీలం చొక్కాలు కావాలన్నాడు. నా మొహానికి అంత పెద్ద ఆర్డరు అంతకుముందెప్పుడూ రాలేదు. క్వారీ ఆఫీసు వరండాలో వాళ్లను వరసగా నిలబెట్టి కొలతలు తీయించాడు. "చూస్తానే జనం ఎనక్కి పోవల్లప్పా, అట్ల కుట్టు" అన్నాడు. నేనేం తక్కువ తిన్నానా? భుజాలు నిక్కేటట్టు లోపల గట్టి బక్రం గుడ్డ పెట్టాను, పైన రెట్టింపు కుట్టుతో పట్టీలు పెట్టాను. పట్టీల కాజాలతో సహా కాజాలన్నీ మా ఇంటామె చేత్తో కుట్టింది. మిషను కాజా అంటే ఆమెకు గిట్టదు.

ఆ గార్డుల్లో లావు మెడ ఆయన ఒకడు ఉండేవాడు. పులివెందుల వైపు మనిషి. బోర్లెండి చీనీ తోట కొట్టేసి ఈ పనిలో చేరానన్నాడు. ఉక్కపోస్తాది, కాలరు కొంచెం వదులు పెట్టమని నన్ను అడిగాడు. పక్కన నిలబడిన ఆఫీసరు ఒప్పుకోలేదు. నేను బిర్రుగానే రాసుకున్నాను. పాపం, ఆయన మెడ మీద కూడా ఆయనకు పెత్తనం లేదు గదా అనుకుని నవ్వుకున్నాను.

తర్వాత మూడు నెలలకు మా మామను కొట్టారు. మామ అంటే చుట్టం కాదు, గొర్రెలు కాసుకునే మనిషి. ఆయన పెండ్లి చొక్కా కుట్టింది మా నాయనే. వాగుకు పోయే పాత బండిబాట క్వారీ కంచె లోపలికి పోయింది. ఒకరోజు మధ్యాహ్నం దప్పికైన గొర్రెలను ఆయన ఆ బాటనే తోలాడు. డీజిలు దొంగతనానికి వచ్చావని గార్డులు పట్టుకుని లాఠీలతో కొట్టారు. కుడి మోచెయ్యి విరిగింది. పడిపోతూ ఆయన ఒకడి భుజం పట్టుకుంటే పట్టీ పీక్కొని చేతికొచ్చింది.

ప్రొద్దుటూరులో ఎముకల డాక్టరు చూసి, ఎముక వంకరగా అతుక్కోకముందే, రెండు వారాల్లో ఆపరేషన్ చేయాలన్నాడు. ఉచిత వైద్యానికి ఇచ్చే సర్కారు కార్డులో పేరు తప్పు పడి ఆ దారి మూసుకుంది. చేయించాల్సింది కంపెనీనే అని ఊరోళ్లు గేటు దగ్గర కూర్చున్నారు. ఆ గార్డులు మా మనుషులు కాదు, ఏజెన్సీ మనుషులు అంది కంపెనీ. ఏజెన్సీకి ఫోను చేస్తే, మనుషులను పంపడం వరకే మా పని అన్నారు. పోలీసు కాగితంలో 'గుర్తు తెలియని వ్యక్తులు' అని పడింది. నీలం చొక్కాలేసుకుని పట్టపగలు గేటు ముందర నిలబడేవాళ్లు గుర్తు తెలియని వ్యక్తులట!

దెబ్బలు తగిలిన నాలుగో రోజు మామ పెళ్లాం మా అంగడికి వచ్చింది. కొంగుముడి విప్పి నీలం పట్టీ నా బల్ల మీద పెట్టింది.

"ఇది నువ్వు కుట్టిందేనా చూడప్పా. కంపెనీవాళ్లే కుట్టిచ్చినారని నువ్వొక మాట చెప్తే చాలు."

తిప్పి చూడాల్సిన అవసరం కూడా లేదు. నా కుట్టు నాకు తెలుసు. కానీ మిషను మీద అదే ఆఫీసరు ఇచ్చిన రెండో ఆర్డరు గుడ్డ పరిచి ఉంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు దాని మీద పాత దుప్పటి లాగాను. ఇలాంటి గుడ్డ ప్రొద్దుటూరులో ఏ అంగట్లోనైనా దొరుకుతుందమ్మా, నాదేనని చెప్పలేను అన్నాను. ఆమె పట్టీ మళ్లీ కొంగున ముడేసుకుని ఎండలో పోయింది.

లోపలి గది తలుపు సందులోంచి మా ఇంటామె అంతా చూసింది, విన్నది.

"నా కాజా నాకు తెలీదా? ఆ చొక్కాల్లో నా చెయ్యి గూడ ఉండాది. నువ్వు చెప్పకపోతే నేనే పోయి చెప్తా."

అన్నం పెట్టింది గానీ పలకలేదు. నేనూ మొండివాడినే. చెప్పి నేనేం బావుకుంటాను, పెద్దోళ్లతో మనకెందుకు అని పది రోజులు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ పది రోజులూ ఎవరి భుజం కొలిచినా మామ మోచెయ్యి గుర్తొచ్చేది.

పదకొండో రోజు ఊరోళ్ల అర్జీ మీద ఆర్డీవో ఆఫీసులో విచారణ పెట్టారు. ఇక ఉండబట్టలేక కొలతల పుస్తకం సంచిలో వేసుకుని వెళ్లాను. ఆఫీసరు అప్పటికే చెబుతున్నాడు, ఆ గార్డులతో కంపెనీకి సంబంధం లేదని. నేను లేచి పుస్తకం విప్పాను. నీలం గుడ్డ ముక్క, దాని కింద గార్డుల కొలతలు, పక్క పేజీలో ఆయన సంతకం పెట్టిన ఆర్డరు కాగితం. అక్కడే కూర్చున్న మామ పెళ్లాం కొంగుముడి విప్పి ఇచ్చిన పట్టీని ఆ ముక్క పక్కన పెట్టాను.

"సార్, కొలతలు తీసింది కంపెనీ వరండాలో. ఒకాయన కాలరు వదులు పెట్టమంటే వద్దన్నది ఈ ఆఫీసరు సారే. ఊపిరాడేదానికి గూడ ఈయన్నే అడగాల్సినోళ్లు వేరేవాళ్ల మనుషులు ఎట్లయితారు సార్?"

ఆర్డీవో పట్టీని ముక్కతో సరిపోల్చి రాసుకున్నాడు. గార్డులు కంపెనీ మాట మీదే పనిచేశారని, బాధ్యత కంపెనీదేనని కాగితం పుట్టింది. వారం తిరక్కుండా కంపెనీనే ఆపరేషన్ చేయించింది. రెండో ఆర్డరు గుడ్డ వాళ్లే వచ్చి తీసుకుపోయారు. నాకేం బాధ అనిపించలేదు, ఇంట్లో మాటలు మళ్లీ మొదలయ్యాయి.

ఆ చలికాలం మామ అంగడికి వచ్చాడు. చొక్కా కావాలన్నాడు. టేపు తీసుకుని చెయ్యి ఎత్తమన్నాను. ఎడమ చెయ్యి లేచింది. కుడిది నడుము దాకా వచ్చి ఆగిపోయింది, మోచెయ్యి మడత పడలేదు. గుండీలు పెట్టుకోలేకపోతాండా, ఒంటి చేత్తో నొక్కితే పడేవి పెట్టమన్నాడు. టిచ్ బటన్లు పెడతానన్నాను.

"డాక్టరు ఏమన్నాడు మామా?" అని కొలుస్తూ అడిగాను.

"ఆపరేషన్ బాగానే చేసినాడంట. పది దినాలు ముందొచ్చింటే చెయ్యి నోటిదాకా పోయేదంట" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. వానలెప్పుడు పడతాయో చెప్పినట్టు చెప్పాడు.

ఆ పది రోజులు ఎవరివో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఆయన కొలతలు రాసుకున్నాను. ఎడమ చెయ్యి, కుడి చెయ్యి వేరువేరుగా రాయాల్సి వచ్చింది. ఆయన తెచ్చిన తెల్ల గుడ్డలోంచి చిన్న ముక్క కత్తిరించి పక్కన గుచ్చాను.