లేని నురగ

ఒక అబద్ధం ఏళ్ల తరబడి నా గుండె మీద కూర్చుని ఉంది. రాసి దించుకుందామంటే అక్షరాలు వచ్చేవి కావు. ఇక్కడ ఈ పరాయి దేశంలో, మా ఊరు కాపెల్‌లో, ఆదివారాలు పిల్లలకు తెలుగు చెబుతారు. మనవరాలిని తీసుకెళ్లి, వెనక కూర్చుని, జుట్టు నెరిశాక నేర్చుకున్నాను. అయినా అడ్డం అక్షరాలేనా? నోరుంది కదా, ఎందుకు చెప్పలేదు?

వాణి నా తోడికోడలు. ఒకే ఇంట్లో ఉంటాం. తను ఆఫీసుకి వెళ్లేది, నేను వంట చూసుకునేదాన్ని. అది నాకెప్పుడూ కష్టమనిపించలేదు. తను విమానం నడపడం నేర్చుకుంటున్నప్పుడు అనిపించింది. మా వాళ్లలో ఏ ఆడదీ ఆ పని చేయలేదని విందుల్లో అందరూ తన చుట్టూ మూగేవాళ్లు. చదువుంది, ఉద్యోగముంది, ఇప్పుడు ఆకాశం కూడానా?

మొదటిసారి ఒంటరిగా ఎగిరి దిగాక, నేర్పినాయన, నేర్చుకున్నవాళ్ల చొక్కా వెనక భాగం కత్తిరించి దాని మీద పేరు రాసిస్తాడట. అది వాళ్ల ఆచారం. వాణి అందుకోసం తెల్ల చొక్కా కొనుక్కుంది. ఆ ముక్కను హాల్లో తగిలిద్దామంది. వంటింట్లోంచి రోజూ కనబడే గోడ మీద, నేను చదవలేని పేరు.

అంతా మంచి జరగాలని కార్తీక సోమవారం ఉపవాసం ఉండమన్నది నేనే. అప్పటికి మనసులో చెడు లేదనే అనుకుంటాను. మంచినీళ్లు కూడా ముట్టని వాణి సాయంత్రం దీపం పెట్టబోతూ కళ్లు తిరిగి నా చేతుల్లో వాలిపోయింది. నీళ్లు చల్లగానే లేచింది. జరిగింది అంతే.

మరిది పరుగున వచ్చాడు. "వదినా, చూసింది నువ్వే కదా. ఫిట్స్ లాంటిదేమైనా వచ్చిందా? డాక్టర్ అడుగుతారు."

"కాళ్లూ చేతులూ కొట్టుకుంది. నోట్లోంచి నురగ వచ్చింది."

అప్పుడు స్పృహలో లేదు కాబట్టి వాణి నా మాటే నమ్మింది. పరీక్షల్లో ఏమీ కనబడకపోయినా డాక్టర్లూ నమ్మారు. ఫిట్స్ ఉన్నవాళ్లను విమానం నడపనివ్వరట, వాణి నేర్చుకోవడం ఆగిపోయింది. ఆ రోజు నాకు సంతోషంగా ఉందని కూడా రాయాలి. కానీ మెట్లు దిగడానికి సైతం భయపడి తను నా చెయ్యి పట్టుకోవడం మొదలుపెట్టాక, నువ్వు లేకపోతే ఏమయ్యేదాన్నో అక్కా అన్నాక, ఆ సంతోషం ఎక్కడికి పోయిందో తెలియదు. చొక్కా అలాగే అల్మారాలో వేలాడుతోంది. పొద్దున్నే కాఫీతో పాటు ఫిట్స్ మాత్ర అందించేది నేనే.

ఇంతవరకు నిన్న రాశాను.

ఈ పొద్దున వాణి కాఫీకి వచ్చింది. నురగ రాలేదని చెప్పాను. డాక్టర్‌కీ నేనే చెబుతానన్నాను. తను కప్పు కింద పెట్టి మాత్ర వంకా, నా వంకా చూసింది.

"మళ్లీ చెప్పు" అంది.

అక్కా అనలేదు. మళ్లీ చెప్పాను.