ఉత్త బొట్టు

దేవుడితో నాకు తగాదా ఏమీ లేదు. మీసాలు ఇంకా నల్లగా ఉన్న రోజుల్లో మా ఇద్దరికీ మాటలు తగ్గాయి, తర్వాత రాకపోకలు కూడా ఆగిపోయాయి. పెద్దగా గొడవపడి విడిపోయిన జ్ఞాపకం కూడా లేదు. ఇప్పుడు నాకు యాభై రెండేళ్లు, నా రెండు మోకాళ్లకు కలిపి నూట నాలుగు. బొగ్గుబాయిలో ఇంతకాలం దిగీ ఎక్కీ నేను నడిచిన నడకను నిలువుగా పేరిస్తే చందమామ మీద చాయ్ తాగి, మధ్యాహ్నం అన్నానికి ఇల్లు చేరుకోవచ్చు.

మా దగ్గర బాయి అంటే గని. మా బాయి అడవి అంచున ఉంటుంది. భద్రాచలం పోయే బస్సులు అక్కడ హారన్ కొట్టి మరీ ఆగకుండా పోతాయి. బాయి మూతి దగ్గర మైసమ్మ గుడి ఉంది. గుడి అంటే పెద్దగా ఊహించుకోకండి, మా ఇంట్లో ఫ్రిజ్ దానికంటే ఎత్తు. పొద్దున ఫస్ట్ షిఫ్ట్ దిగేముందు ఆ గుడి ముందు మా సర్దార్ నిలబడేవాడు. సర్దార్ అంటే లోపల ఒక జట్టు మనుషుల ప్రాణాలకు పూచీ పడే ఉద్యోగి. మేమంతా ఆయన్ని కాకా అనేవాళ్లం. చేతిలో కుంకుమ డబ్బా పట్టుకుని, వరసలో వచ్చిన ప్రతి మనిషికీ బొటనవేలితో బొట్టు పెట్టేవాడు. ఆ వేలు రోకలి కంటే అర సైజు మాత్రమే తక్కువ. మా నుదుటి ఎముకల మీద గుంటలు పడుతున్నాయని మా ఆడవాళ్ల ఫిర్యాదు.

అప్పుడప్పుడు ఒకరి నుదుటి మీద ఆ వేలు కాసేపు ఆగేది. "ఇయ్యాల అమ్మ నిన్ను వద్దంటున్నది. ఇంటికి పో" అనేవాడు. ఆ మనిషి మారుమాట లేకుండా సైకిలెక్కి వెళ్లిపోయేవాడు. అమ్మ వద్దన్నాక ఎవరితో వాదిస్తాం?

పైకప్పుకు దుంగలు నిలబెట్టే ముస్లిం భాయ్ ఒకాయన మా వరసలో ఉండేవాడు. ఆయనకు కుంకుమ ఎట్లా పెడతారు? కాక వేలును ప్యాంటుకు తుడుచుకుని, ఉత్త వేలే ఆయన నుదుటి మీద ఆనించేవాడు. దానికి ఉత్త బొట్టు అని పేరు పడింది. నా సంగతి చెప్పిన రోజు కాక కొంచెం కూడా ఆశ్చర్యపోలేదు.

"నమ్మవా?"

"నమ్మ, కాకా."

"సరే, తల ఇటు తే. నీకూ ఉత్త బొట్టే."

అంధవిశ్వాసాల మీద ఆ రోజు కోసం నేను తయారు చేసుకున్న రెండు గంటల ఉపన్యాసం ఇప్పటికీ గొంతులోనే అడ్డం పడి ఉంది.

కాక రిటైరై, చర్ల అవతల ఉన్న సొంతూరికి వెళ్లిపోయాడు. పరీక్ష పాసై నేను సర్దార్ అయ్యాను. కుంకుమ డబ్బా నా చేతికొస్తే డ్రాయర్లో పెట్టేశాను. నమ్మనివాడు నలుగురికి బొట్టు పెట్టడం మోసం కదా అని నా పెద్దరికం. దానికి బదులు, గోడ మీద రాసి ఉన్న భద్రతా ప్రతిజ్ఞ చదివించడం మొదలుపెట్టాను. నేను గోడను చూస్తూ చదివేవాణ్ణి, వాళ్లు నా వీపును చూస్తూ పలికేవాళ్లు. మూడో నెలకల్లా మావాళ్లు ఆవులిస్తూ, తంబాకు నలుపుతూ ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పగలిగారు. గోడ మీది బల్లికి కూడా నోటికి వచ్చేసిందని నా అనుమానం.

బొట్టు ఆగిపోతే గొడవలవుతాయనుకున్నాను. ఒక్కడు అడిగితే ఒట్టు. కుర్రవాళ్లకు ఫోన్లున్నాయి, పాతవాళ్లకు మోకాళ్లున్నాయి. ఎవరికీ తీరిక లేదు.

హాలర్ నడిపే అతనూ నేనూ బావా అంటే బావా అని పిలుచుకుంటాం. హాలర్ అంటే బొగ్గు టబ్బులను ఇనుప తాడుతో లాగే యంత్రం. ఆ వానాకాలం ఒక పొద్దున ప్రతిజ్ఞ అందరికంటే గట్టిగా చెప్పింది అతనే. అప్పటికే అతనికి మూడు రోజులుగా జ్వరం. దిగిన గంటకు కళ్లు తిరిగి, ఆసరా కోసం చెయ్యి చాపాడు. చెయ్యి తాడుకూ, అది చుట్టుకునే డ్రమ్ముకూ మధ్యన పడింది.

పెంచి రాయడానికి నాకిక్కడ ఏమీ దొరకడం లేదు. నడిమి వేలు, ఉంగరం వేలు. రెండు వేళ్లు పోయాయి.

దవాఖానాలో అతని మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

"జరం ఉన్నదని ఒక్క మాట చెప్పొద్దా బావా?"

"ఇంటికాడ పండుకుంటే మీ చెల్లె ఊకుంటదా? మిర్చి తోటకు తోల్కపోతది" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "అయినా నువ్వు అడిగినవా? కాక ఉంటే చెప్పేదాంక యాడిది, వేలు పెట్టంగనే ఇంటికి తోలెటోడు."

అప్పుడు గుర్తొచ్చింది. ఎన్నో ఏళ్ల కింద అమ్మ వద్దంటున్నదని కాక నన్నూ ఒకరోజు ఇంటికి పంపాడు. మూఢనమ్మకాలతో ఉద్యోగం ఎట్లా చేస్తామని ఊరంతా తిరిగి తిట్టి, పొద్దుగూకేసరికి పెనం మీద రొట్టెలాగా కాలిపోతూ మంచం పట్టాను. ఆ రెండింటికీ సంబంధం ఉందని నా అంత తెలివిగలవాడికి ఇన్నేళ్లూ తట్టలేదు.

మరుసటి ఆదివారం చర్ల బస్సెక్కాను. ఆ దారిలో గుంతల మధ్య అక్కడక్కడా రోడ్డు కనిపిస్తుంది. కాక వసారాలో కూర్చుని మంచానికి నవారు అల్లుతున్నాడు. జరిగిందంతా విన్నాడు. చేతులు మాత్రం ఆగలేదు.

"బొట్టు పేరు చెప్పి జరం చూసెటోడివా కాకా?"

"పేరు చెప్పుడేంది?" కాకకు కోపం వచ్చింది. "బొట్టు పెట్టిన. పెడ్తే జరం తెల్వదా? దగ్గరికొస్తే సారా వాసన తెల్వదా?"

"మరి అమ్మ వద్దంటున్నది అనుడో?"

"అవ్, అమ్మనే వద్దన్నది. నాకేం అవసరం వద్దనేటందుకు?"

"నాకు అమ్మ లేదు గద కాకా."

"లేకపోతే లేదు. మనుషులకు నుదురున్నది గద. దగ్గరికి పోనీకె నీకేం రోగం?"

అన్నం పెట్టించాడు. బొట్టు మాట మళ్లీ ఎత్తలేదు.

సోమవారం పొద్దున ప్రతిజ్ఞ అయ్యాక గోడ నుంచి వెనక్కి తిరిగాను. "కుంకుమ కావాల్నంటే గుడికాడ మీరే పెట్టుకోండ్రి. నా దగ్గర ఉత్త బొట్టే" అన్నాను. సర్దారు స్వామీజీ అయిండని ఒకరు, ఆశ్రమం ఎప్పుడు పెడ్తవని ఇంకొకరు. అంటూనే అందరూ వరసలో నిలబడ్డారు. ఒక్కొక్క నుదురే వేలికి తగులుతుంటే, ఇన్ని నెలలు వీళ్లెవరి మొహమూ నేను సరిగ్గా చూడలేదని తెలిసింది.

కాక నాకు చెప్పని కష్టం ఒకటుంది. వేలు ఆగినప్పుడు నేనేమని చెప్పాలి? అమ్మ వద్దంటున్నదని అనలేను. "నేను వద్దంటున్న" అంటాను. అక్కడ మొదలవుతుంది. నువ్వెవడివి, డాక్టరువా, నాకు నాగా పడితే నీదేం పోయింది, నిన్న వాణ్ణెందుకు పంపలే. ఒక్క మనిషిని ఇంటికి పంపడానికి ఇరవై నిమిషాల కొట్లాట. కాక మీద ఎవరికీ కోపం రాలేదు, ఆ కోపమంతా అమ్మ మోసేది. నా వెనక నిలబడేవాళ్లెవరూ లేరు. వారానికి ఇద్దరు ముగ్గురు నాతో మాటలు మానేస్తారు, జ్వరం తగ్గాక మళ్లీ మాట్లాడతారు. నాకు అలసటగా ఉంటుంది. బాయి నుంచి పైకెక్కే అలసట దీనిముందు ఎంత?

బావకు పైన ల్యాంప్ రూమ్‌లో పని ఇచ్చారు. దిగేవాళ్లకు నెత్తిదీపాలు అందించే పని. దిగేది లేకపోయినా రోజూ వరస చివర్న వచ్చి నిలబడతాడు. నేను వేలు పెడతాను. అతని కళ్లలోకి చూడటం ఇప్పటికీ నాకు పూర్తిగా చేతకాదు.

మొన్నొక పొద్దున నా వేలు అతని నుదురును తాకకముందే, తన బొటనవేలు తెచ్చి నా నుదుటి మీద పెట్టాడు. తియ్యలేదు.

"కాలుతున్నది బావా. ఇంటికి పో."

"ఎవరు వద్దంటున్నరు?"

"నేనే."

ఇరవై నిమిషాలు కొట్లాడాను. నువ్వెవడివి అన్నాను, డాక్టరువా అన్నాను. నాకు వచ్చిన మాటలన్నీ అతనికే తిరిగి వడ్డించాను. అతను విని, ల్యాంప్ రూమ్‌లోకి వెళ్లి, నా దీపాన్ని గూట్లోనే ఉంచి, కిటికీ తలుపు వేసుకున్నాడు. దీపం లేకుండా ఎవరూ దిగలేరు.

నా జట్టును పక్క సర్దార్‌కు అప్పజెప్పి, బండి తీసి ఇంటికి బయల్దేరాను.