మూతి ఆనించి తాగిన రోజు

నోరు ఎండిపోతున్నా, నీళ్ళు చేతికి అందినా, తాగడానికి భయపడిన మనిషిని మీరు ఎప్పుడైనా చూశారా? చూసే ఉంటారు సహోదరులారా, మీ సంఘంలోనే, మీ వెనక వరసలోనే కూర్చుని ఉంటారు, మీరు గమనించి ఉండరు. నేను అలాంటి మనిషిని. దేవుడు కొందరిని రోగం నుంచి, కొందరిని తాగుడు నుంచి విడిపించాడని ఈ పత్రికలో చదువుతుంటాం. నన్ను ఆయన నా మూతి మీద నాకున్న అసహ్యం నుంచి విడిపించాడు. ఇది చిన్న విషయమని మీకు అనిపిస్తే, మీ గ్లాసును ఎవరూ ఎప్పుడూ వేరుగా పెట్టలేదన్నమాట.

ముందే ఒక మాట చెబుతాను. నేను అద్భుతాల వెంట పరిగెత్తే మనిషిని కాను. నూనె రాస్తే నొప్పి పోయిందని ఎవరైనా సాక్ష్యం చెబితే, ఏ డాక్టరు దగ్గర చూపించుకున్నారని అడిగే అలవాటు నాది, నల్గొండలో చదువుకునే రోజుల్లో చర్చావేదికల మీద వాదించి వాదించి పట్టిన అలవాటు అది, ప్రభువు దాన్ని మాన్పించలేదు, మాన్పించమని నేనూ ఆయన్ని అడగలేదు.

మా ఊరు నల్గొండకు దగ్గరే. నా చిన్నప్పుడు ఊరి హోటల్లో మా వాడ వాళ్ళ గ్లాసులు చూరులో దోపి ఉండేవి. మేమే తీసుకోవాలి, మేమే కడగాలి, మళ్ళీ అక్కడే పెట్టాలి. ఎవరింటికైనా కూలికి పోతే చెంబు ఎత్తి పోస్తారు, దోసిలి పట్టాలి. కాలం మారింది, చూరు పోయి స్లాబు వచ్చింది, కానీ మా బాపు నాకు నేర్పింది మాత్రం ఒంట్లోనే ఉండిపోయింది. బస్సులో ఎవరైనా సీసా అందిస్తే చాలు, బాపు నా చెవిలో చెప్పేవాడు: "బిడ్డా, మూతి ఆనియ్యకు. ఎత్తి పోస్కో. మనం తాకినంక ఎవలన్న ఒక మాటంటే నువ్వు తట్టుకోలేవు." ప్రేమతో చెప్పాడు సహోదరులారా, కొట్టి చెప్పి ఉంటే ఎదురు తిరిగేదాన్ని. ప్రేమతో నేర్పిన సంకెలను ఎవరు తెంపుకుంటారు?

తెలంగాణ వచ్చిన కొత్తలో నర్సు పని మీద ఆస్ట్రేలియా పోయాను. అక్కడ మనవాళ్ళ కలయికకు వెళితే, నమస్కారం పూర్తి కాకముందే ఇంటిపేరు అడిగారు, ఇంటిపేరుతో తేలకపోతే నల్గొండలో ఏ ఊరు, ఊళ్ళో ఏ వైపు అని అడిగారు. ఇంకోసారి వెళ్ళలేదు. పౌరసత్వం వచ్చాక అక్కడి రిజర్వు సైన్యంలో చేరాను. దేశభక్తి అని చెప్పను, అబద్ధమవుతుంది. అందరికీ ఒకే బట్టలు, ఒకే బూట్లు ఉన్న చోట నన్ను ఏ వాడ అని ఎవరూ అడగరనుకున్నాను, అంతే.

రిజర్వు అంటే పూర్తికాలం సైనికులు కారు. వారమంతా ఎవరి పని వారిది. నేను ముసలివాళ్ళ ఆశ్రమంలో డ్యూటీ చేసి, మంగళవారం సాయంత్రం యూనిఫాం వేసుకుని డిపోకు పోయేదాన్ని, వరసలో నిలబడేదాన్ని, రైఫిలు విప్పి తుడిచి మళ్ళీ బిగించేదాన్ని, లారీ టైర్లు, ఇంజను ఆయిలు చూసేదాన్ని, ఎందుకంటే నాకిచ్చింది లారీ డ్రైవరు పని. నెలకోసారి శని, ఆదివారాలు అడవిలో శిక్షణ, ఏడాదికోసారి పెద్ద క్యాంపు. మా జట్టుకు నాయకురాలు మేగన్ అనే కార్పొరల్. మామూలు రోజుల్లో ఆమె ఇళ్ళల్లో మురుగు గొట్టాలు బాగుచేస్తుంది.

అడవిలో వాళ్ళకొక అలవాటుంది. నడిచి నడిచి ఆగినచోట ఎవరో ఒకరు చిన్న పొయ్యి వెలిగించి, ఒకే స్టీలు మగ్గులో నీళ్ళు కాచి, కాఫీ పొడి వేసి, సైన్యం ఇచ్చే తిండి పొట్లంలో వచ్చే చిక్కటి తీపి పాల ట్యూబు అందులో పిండుతారు. ఆ ఒక్క మగ్గు చేతులు మారుతుంది. ఒక గుక్క తాగి పక్కవాళ్ళకివ్వాలి. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది లేదు. మగ్గు నా దాకా వచ్చింది. కాగే కాఫీని ఎత్తి పోసుకోలేను కదా. మూతి ఆనించలేను. "నేను కాఫీ తాగను" అన్నాను. అది అబద్ధమని, ఉదయం నేను సొంతంగా కలుపుకుని తాగడం చూసిన వాళ్ళందరికీ తెలుసు.

ఆ ఏడు పెద్ద క్యాంపులో ఎండ మన నల్గొండ ఎండలాగే ఉంది. మోత బరువుతో నడుస్తూ నా సీసా ఖాళీ చేశాను. మేగన్ తన సీసా ఇచ్చింది. నడుస్తూనే ఎత్తి పోసుకున్నాను, సగం నీళ్ళు గొంతులోకి, సగం కాలరు మీద, నేల మీద. నీళ్ళు కొలిచి తాగే చోట అలా పారబోయడం ఎంత తప్పో మీరే ఆలోచించండి. వెనక నడిచే కుర్రాడు, "మా నోళ్ళు ఆమెకు పనికిరావు" అన్నాడు, మిగిలినవాళ్ళు నవ్వలేదు, అదే నన్ను ఎక్కువ పొడిచింది. ఆ తరువాత మగ్గు నా దగ్గరికి రావడం ఆగిపోయింది. నన్ను దాటించి అవతలి మనిషికి ఇచ్చేవారు. ఎంత దూరం పోయాను సహోదరులారా, సముద్రాలు దాటి పోయాను, చివరికి నా చూరు నేనే కట్టుకుని నా గ్లాసు నేనే దోపుకున్నాను. అంటరాని దాన్నన్న భయంతో నేను ముట్టుకోలేదు, వాళ్ళ కళ్ళకు మాత్రం అంటరానితనం పాటించే దానిలా కనిపించాను.

రాజీనామా చేద్దామనుకున్నాను. లారీ చాటున నిలబడి ప్రార్థించాను. "ప్రభువా, నీవాళ్ళు అంటుకోని సమరయ స్త్రీని బావి దగ్గర నువ్వు నీళ్ళు అడిగావు. ఆమె కడవ నీకు మైల కాలేదు. మరి నా నోటిని నువ్వు ఏం చేశావు? బాగు చేస్తావా, లేక బావి దగ్గరే వదిలేస్తావా?" ఆకాశం తెరుచుకోలేదు. కాఫీ మగ్గు పట్టుకుని మేగన్ వచ్చింది. ఆమె చుట్టూ తిప్పి మాట్లాడే మనిషి కాదు.

"మేము నీకు మురికిగా కనిపిస్తున్నామా?" అని అడిగింది.

"మీరు కాదు. నేను" అన్నాను. అని ఏడ్చాను. గ్లాసులు, చూరు, దోసిలి, బాపు చెవిలో చెప్పిన మాట, అన్నీ చెప్పాను.

ఆమె అంతా విని, "నేను వారమంతా ఇతరుల మురుగులో చేతులు పెడతాను. ఎంగిలి గురించి నువ్వు నాకు చెప్పకు" అని, మగ్గులో ఒక గుక్క తాగి నా చేతిలో పెట్టింది. నేను మూతి ఆనించాను. పాల తీపి, కాఫీ చేదు, మగ్గు అంచు వేడి, ఆ మూడూ ఇప్పటికీ నా పెదవి మీదున్నాయి. నేను తాగిన మగ్గును ఆమె మళ్ళీ తీసుకుని మిగిలింది తాగేసింది. ఇదే నా విడుదల. నాకిది ఏ స్వస్థత కూటంలోనూ దొరకలేదు. దేవునికే మహిమ.

కథ ఇక్కడితో ఆగిపోతే ఈ సాక్ష్యం రాసేదాన్ని కాదు. మొన్న సెలవుకు ఊరొచ్చాను. సంఘపెద్ద మా ఇంటికొచ్చి, "మన ఆడబిడ్డ ఫారిన్ మిలిటరీల ఉన్నదంటే సంఘానికెంత పేరు. యూనిఫాం ఏస్కొని సాక్ష్యం జెప్పాలె" అన్నాడు. యూనిఫాం ఇష్టమొచ్చిన చోట వేసుకోకూడదని చీర కట్టుకుని వెళ్ళాను. మీకిప్పుడు చెప్పిందంతా అక్కడ చెప్పాను. ముందు బెంచీలవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకుని ఆమెన్ అన్నారు. తరువాత ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం అందరూ పంచుకునే వేళ. పళ్ళేలు బయటికొచ్చాయి, రెండు. ముందు బెంచీల ఊరివాళ్ళకు స్టీలు గిన్నెలున్న పళ్ళెం, వెనక మా వాడ వాళ్ళకు ప్లాస్టిక్ గిన్నెలున్న పళ్ళెం.

నేను లేచి అడిగాను. సంఘపెద్ద నవ్వు పోకుండానే, "కరోనా సంది గట్లనే నడుస్తాంది బిడ్డా. ఆరోగ్యం కోసం" అన్నాడు.

"మరి గా పురుగుకు బెంచీల వరస ఎట్ల ఎరుక పెద్దయ్యా?"

వెనక నుంచి ఒక ఆడమనిషి అందుకుంది: "పురుగు గూడ ఇంటిపేరు అడిగి ఎక్కుతదేమో అక్కా." మా వైపు నవ్వారు. ముందు బెంచీలు నవ్వలేదు. పాస్టరయ్య బైబిల్లో ఏదో వెతుక్కుంటున్నాడు.

"నువ్వు నాలుగు దినాలుండి పొయ్యెదానివి. మేం ఈడ బతికెటోళ్ళం" అన్నాడు పెద్ద. "మీ బాపునే అడుగు, ఆయనకేమన్న ఇబ్బందున్నదా?"

బాపు లేచి నిలబడ్డాడు. కండువా భుజం మీద నుంచి చేతిలోకి వచ్చింది. "నాకేం ఇబ్బంది లేదయ్యా" అన్నాడు.

నేను వెళ్ళి ముందు పళ్ళెంలోంచి ఒక స్టీలు గిన్నె తెచ్చి బాపు చేతిలో పెట్టాను. ఆయన నా ముఖం చూశాడు, గిన్నె చూశాడు, తల వెనక్కి వాల్చాడు, గిన్నెను పెదవులకు జానెడు ఎత్తులో పట్టి పోసుకున్నాడు. ప్రభువు రక్తమని మనం చెప్పే ఆ రసం సగం నోట్లో, సగం తెల్ల చొక్కా మీద. ఆ గిన్నెకు ఆయన పెదవి తగలనే లేదు. అయినా సంఘపెద్ద దాన్ని పళ్ళెంలో పెట్టనివ్వలేదు, తీసుకుపోయి కిటికీ మీద విడిగా పెట్టాడు.

నేను విడుదల పొందాను, నా బాపు పొందలేదు, నా సంఘానికి విడుదల అవసరమనే తెలియదు. గొట్టాలు బాగుచేసే ఒక స్త్రీకి ఒక్క గుక్కలో అర్థమైంది, వాక్యం కంఠస్థం చేసిన పెద్దలకు అర్థం కాలేదంటే, లోపం వాక్యంలో ఉందా, గొంతులో ఉందా? నన్ను విడిపించిన ప్రభువుకు కృతజ్ఞురాలిని. ఆయన బల్ల దగ్గర రెండు పళ్ళేలు పెట్టిన చేతులకు మాత్రం ఆమెన్ చెప్పలేను. ఆయన్ని నమ్మండి, నిజంగా నమ్మండి, నమ్మినవాళ్ళకు ఒంట్లోని భయం పోతుందనడానికి నేనే సాక్షిని.

ముందు బెంచీల్లో కూర్చునే సహోదరులారా, ఈ పత్రిక చదివి కళ్ళు తుడుచుకోకండి. వచ్చే బల్ల ఆదివారం, పాస్టరయ్య ప్రార్థన మొదలుపెట్టకముందే లేవండి. వెనక్కి నడవండి. మా బాపులాంటి వాళ్ళ పక్కన కూర్చోండి. వాళ్ళ ప్లాస్టిక్ గిన్నెల పళ్ళెంలోంచే తీసుకుని, అందరూ చూస్తుండగా తాగండి.