గట్టు మీద చదివిన కీర్తన

ఆగస్టు రెండో ఆదివారం, ఉదయం పదీ నలభై. గుణదల మాత కొండకు వెళ్తుంటే కంకిపాడు దాటాక మా బస్సు చెడి ఆగిపోయింది. ముసలితనంలో చదువు నేర్చినదాన్ని. బైబిలు మొదటిసారి పైకి చదివేది ఆ కొండ మీదేనని మొక్కుకున్నాను.

బైబిలు పట్టుకుని కిందికి దిగాను. పక్క పొలంలో జపమాలలు వేసుకున్న ముగ్గురు ఆడవాళ్లు నాట్లు వేస్తున్నారు.

“ఆదివారం గుడికి పోరా?” అని కసిరాను.

“కాలవకి నీళ్లు ఇప్పుడే వదిలారండి. నారు ఆగదు గదా, పెద్దమ్మగారూ,” అంది వాళ్లలో పెద్దది మరియమ్మ. “మాకు చదువు రాదు. ఆ బైబిలు కాస్త చదివిపెట్టండి.”

మొక్కు తలచుకుని తటపటాయించాను. వాళ్లు అప్పటికే చేతులు కడుక్కుని, తల మీద కొంగు కప్పుకుని గట్టెక్కి నిలబడ్డారు. ఇరవై మూడో కీర్తన చదివాను. నేను తడబడిన చోటల్లా మరియమ్మ చూడకుండా అందించింది.

“నీకు వచ్చు గదా, నన్నెందుకు చదవమన్నావు?”

“మేం నోటికి చెప్పుకునేది రోజూ ఉండేదేనండి. ఒకరు చదివితే గుళ్లో ఉన్నట్టుంటది.”

నా మొక్కు అక్కడే తీరింది.

ఆ గట్టు మీద ఉన్నది మరియమ్మ, సలోమి, చిట్టెమ్మ, నేను. ప్రభువు కూడా ఉన్నాడు, రాయకపోతే అబద్ధమవుతుంది.