సన్న జుట్టు, ముదురు మందు

కొత్తగా ఉద్యోగం వచ్చిన ఆ రోజుల్లో, నా కష్టాలన్నిటికీ నా ఉంగరాల జుట్టే కారణమని గట్టిగా నమ్మేదాన్ని. సోమవారం నల్లపాడు దగ్గర బడిలో టీచరుగా చేరాలి. పిల్లలు నవ్వుతారేమోనని, ఆదివారం చర్చి నుంచి రాగానే పెద్దమ్మ కూతురి ముందు తల వంచి కూర్చున్నాను. అక్క బ్రాడీపేటలో మూడు నెలలు బ్యుటీషియన్ కోర్సు చేసింది. (అందులో రెండు నెలలు గోరింటాకుకే పోయాయని తరవాత తెలిసింది.) జుట్టు సాపు చేసే క్రీముల్లో బాగా ఘాటైనది తెచ్చింది. ఉంగరాలు తిరిగింది కనక మొండి జుట్టే అనుకున్నాం. వెంట్రుక ఎంత సన్నమో ఇద్దరం చూసుకోలేదు.

"ఇరవై నిమిషాలు కదలకు" అంది. పదో నిమిషానికి నెత్తి భగ్గుమంది.

"మండుతోందక్కా."

"పనిచేస్తోందన్నమాట. ఓర్చుకో."

ఇంకో రెండు నిమిషాలకి మిరపకాయలు తుంచిన చేత్తో తల రుద్దినట్టయింది. "కడిగెయ్యక్కా" అన్నాను. అక్క కుళాయి తిప్పితే గాలి వచ్చింది. ట్యాంకు ఖాళీ. కరెంటు లేదు, మోటారు ఆడదు. బిందెలో చెంబుడు నీళ్లున్నాయి. అవి పోస్తే క్రీము జారి చెవి మీదికొచ్చింది. "ఏం కాదులేవే" అంటూనే అక్క ఖాళీ బిందెని మళ్లీ వంచి చూసింది. దాంతో నాకు మంట కంటే భయం ఎక్కువైంది.

నేను ఏడుస్తూ పెరట్లోకి పరిగెత్తాను. అక్కడున్న నాన్న నన్ను చూడగానే లేచాడు. మర్నాడు మిరపచేలో మందు కొట్టడానికి నింపి పెట్టిన మంచినీళ్ల డ్రమ్ము పక్కన కూర్చోబెట్టి, బకెట్టు తర్వాత బకెట్టు పోశాడు. డ్రమ్ము సగమయ్యాక మంట తగ్గింది. అప్పుడు కళ్లజోడు పెట్టుకుని, పురుగుమందు సీసా చదివినట్టు క్రీము డబ్బాలో కాగితం తీసి చదివాడు.

"సన్న వెంట్రుకకి ఘాటు తక్కువది, తక్కువ సేపు పెట్టాలని రాసుందిగదమ్మా. లేత మొక్కలకి ముదురు చేను డోసు కొడతామా?"

"కోర్సులో అది చెప్పలేదు బాబాయ్" అంది అక్క.

"చెప్పరనేగా రాసేది."

తువ్వాలుతో తుడుచుకుంటే జుట్టు ఉడికిన సేమ్యాలా సాగి, తెగి చేతిలోకొచ్చింది. (తెగినవి మాత్రం చక్కగా సాపుగా ఉన్నాయి.)

సోమవారం తలకు స్కార్ఫు చుట్టుకుని బడికెళ్లాను. ముందు బెంచీ పిల్ల కాసేపు చూసి, "జ్వరమా టీచర్?" అంది. కాదన్నాను.

"మరి పేలా?"

క్లాసంతా నవ్వింది. ఆపుకోలేక నేనూ నవ్వాను.

ఏడాదికల్లా జుట్టు మళ్లీ వచ్చింది, అవే ఉంగరాలతో. ఇప్పుడు వాటిలో తెల్లవి కలుస్తున్నాయి. డ్రమ్ము పక్కన కూర్చుని వణుకుతున్న ఆ ఇరవై రెండేళ్ల పిల్ల ఎదురైతే మందలించను. ఇంకో బకెట్టు నీళ్లు పోస్తాను, అంతే.