అక్క రాసిన మెలికల స్క్రిప్టు

జనగామలో ఇంటర్నెట్ సెంటర్ నడిపే అక్క, ఎవరేమన్నా తెర మీంచి చూపు తిప్పకుండా "చదివి మాట్లాడు" అనేది.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం సాగుతున్న రోజులవి. అక్కా నేనూ ఉన్న ఉద్యమ కమిటీ వెబ్‌సైటులో కొడకండ్ల, బయ్యారం జనం తమ గోడు తమ యాసలోనే రాసుకునేవారు. బాట్లనే దొంగ ప్రోగ్రాములు వచ్చి వాటి మధ్య బూతు ప్రకటనలు గుమ్మరించేవి. అక్క వారం రోజులు కష్టపడి, వాటికి అంతుపట్టని మెలికల స్క్రిప్టు, అంటే సైటుకు కాపలా కాసే కంప్యూటర్ కోడు, రాసింది. చెత్త ఆగిపోయింది.

ఆ గజిబిజి రాతను చూసి మా కమిటీ పెద్ద మండిపడ్డాడు.

"ఏంది గిది? పోలీసోళ్లకు చాటుంగ ఖబర్ పంపుతున్నవా?"

"చదివి మాట్లాడన్నా. గది బాట్లను ఆపేటిది."

ఆయన చదవలేదు. స్క్రిప్టు తీయించి, అక్కను కమిటీలోంచి వెళ్లగొట్టాడు. మూడు రోజులకే సైటంతా మళ్లీ బూతులు. అప్పుడు నన్ను పంపాడు.

"అక్కా, జర ఆ స్క్రిప్టు మళ్ల పెట్టరాదూ."

"నన్ను అనుమానించుడు తప్పని సైటుల రాయమను. గప్పుడే పెడత."

ఆ ఒక్క ముక్క రాయడానికి ఆయనకు చేతులు రాలేదు. సైటే మూసేయించాడు. జనం రాసుకున్నదంతా పోయింది. ఆయన మీద నాకింకా కోపం చల్లారలేదు. కానీ అక్క ఆ స్క్రిప్టు రాస్తుంటే పక్కనే కూర్చుని అంతా చూసిన నేను, ఆమెను వెళ్లగొట్టిన రోజు కమిటీ ముందు నోరు విప్పలేదు.